చలమయ్య గారి జీవితానికి పదికి మూడు

ఉదయ్ భాస్కర్ పుట్టి బుద్ధెరిగాక పదికి మూడు మార్కులు తెచ్చుకోవడం అదే మొదటిసారి. చిన్నప్పుడు లెక్కల్లో కూడా నాలుగుకి తగ్గలేదు. తెలుగు ఎమ్మేలో గోల్డ్ మెడల్ కొట్టినవాడికి, తెలుగులో రాసిన ఆరు పేజీల వ్యాసానికి మూడంటే ఎలా ఉంటుంది చెప్పండి?

పేజీల నిండా ఎర్ర ఇంకు. మొదటి పేజీలో ‘ఎవరన్నారు?’ అని, మూడో పేజీలో ‘నిజంగానా?’ అని, నాలుగో పేజీలో హాస్టళ్ళ పేరా మొత్తం అడ్డంగా కొట్టేసి ‘ఇది అవసరమా?’ అని. అయిదో పేజీలో ఒక్క వాక్యం కింద మాత్రం కాగితం చిరిగేంత గట్టిగా రెండు గీతలు. ఆ వాక్యం: ‘1978 నూలు మిల్లు సమ్మె మంత్రిగారి చొరవతో సామరస్యంగా ముగిసింది.’

అడుగున, తప్పులు పట్టే విభాగం తరఫున సంతకం: రూబీ, క్వాలిటీ.

సైబర్ టవర్స్ నాలుగో అంతస్తులో ఆ కంపెనీ పెట్టి ఏడాది కూడా కాలేదు. తెలుగు విజ్ఞాన సర్వస్వం మొత్తాన్ని ఒక్క సీడీలో కూరేస్తామని బయల్దేరింది. అది 1999 జూలై. కింద అంతస్తులవాళ్ళు రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఆగిపోతాయట, వైటూకే, వైటూకే అని తిండి మానేసి పరుగులు పెడుతుంటే, వీళ్ళు మాత్రం శాతవాహనుల దగ్గరే ఇంకా తగువులాడుకుంటూ ఉండేవారు. కిటికీలోంచి చూస్తే మాదాపూర్ బండరాళ్ళు, వాటిని పేల్చే మనుషులు, మధ్యలో నల్లగా కమ్ముకొస్తున్న మబ్బులు.

ఉదయ్‌కి అది ప్రొబేషన్‌లో ఆఖరి వ్యాసం. దొరికినవాడు కూడా అలాంటిలాంటివాడు కాదు, మాజీ మంత్రి పెద్దింటి చలమయ్య. ఆయన పేరెత్తితే సగం మంది చేతులెత్తి మొక్కేవారు. మిగతా సగం మంది చేతికి ఏది అందితే అది విసిరేవారు. చీఫ్ ఎడిటర్ పార్వతమ్మ గారు, ముప్పై ఏళ్ళు కాలేజీలో పాఠం చెప్పి రిటైరైన మనిషి, ముందే చెప్పేశారు.

“వచ్చే శుక్రవారంలోగా ఈ వ్యాసం ఏడు మార్కులు దాటితే నీ ఉద్యోగం ఖాయం నాయనా. దాటకపోతే నీ గోల్డ్ మెడల్ నీ దగ్గరే ఉంటుంది, దానికేం భయం లేదు.”

ఉదయ్ కాగితాలు పట్టుకుని నేరుగా క్యాంటీన్‌కి వెళ్ళాడు. కిటికీ పక్కన ఉస్మానియా బిస్కెట్ ఛాయ్‌లో ముంచుకుంటూ ఒకమ్మాయి కూర్చుని ఉంది. లేత నీలం చుడీదార్, జడలో పువ్వుల్లేవు, చెవి వెనక ఎర్ర పెన్ను ఉంది. చిరునామా అడగనక్కర్లేదు.

“మీరేనా రూబీ?”

“అవును. మీరేనా సన్మాన సంచిక?”

ఉదయ్‌కి చెవులు వేడెక్కాయి. “ఏమన్నారండీ?”

“ఆఖర్ల ఆధారాలు రాసిండ్రు కదా. పన్నెండింట్ల తొమ్మిది చలమయ్య గారి షష్టిపూర్తి సన్మాన సంచికే. పెండ్లి పత్రిక చూసి పిల్లగాడు మంచోడని రాసినట్టుంది సార్. సన్మాన సంచికల ఎవలన్న తిడతరా?”

“అది మా నాన్నగారు దాచుకున్న పుస్తకమండీ. ఆయన మంత్రిగారి పేషీలో టైపిస్టుగా చేశారు. అందులో అబద్ధాలు ఉండవు.”

“నిజాలు గూడ అన్ని ఉండయి.”

నిజం చెప్పాలంటే ఉదయ్ దగ్గర దానికి జవాబు లేదు. జవాబు లేనప్పుడు మగవాడు చేసే పనే అతనూ చేశాడు, గొంతు పెంచాడు.

“మరి మీరో? హాస్టళ్ళు పెట్టిన మాట నిజం కాదా? ఆ పేరా ఎందుకు కొట్టేశారు? అసలు మీరు మార్కులు వేసింది వ్యాసానికా, ఆ మనిషికా?”

బిస్కెట్ విరిగి ఛాయ్‌లో పడిపోయింది. రూబీ దాన్ని చూడలేదు. లేచి వెళ్ళిపోయింది. గెలిచానని ఉదయ్ అనుకున్నాడు. గెలిచినవాడికి ఉండాల్సిన సంతోషం మాత్రం ఎంత వెతుక్కున్నా దొరకలేదు.

మర్నాడు పొద్దున్నే పార్వతమ్మ గారు ఇద్దర్నీ తన గదిలోకి పిలిచారు. రూబీ కళ్ళు నేల మీద ఉన్నాయి.

“ఈ వ్యాసం నాకొద్దు మేడమ్. జోయెల్‌కి ఇయ్యండి. మా డాడీ ఆ మిల్లులనే పనిచేసిండు. సమ్మెల కొలువు పోయింది. ఉదయ్ గారు అన్నది కరెక్టే. హాస్టళ్ళ పేరా నేను రెండోసారి చదవకుండనే కొట్టేసిన.”

ఆ అమ్మాయి తప్పు ఒప్పుకున్న తీరు చూస్తే, ఉదయ్‌కి తన గోల్డ్ మెడల్ ఎక్కడైనా దాచేసుకుందామనిపించింది.

జోయెల్ సంగతి ఆఫీసంతా ఎరుగుదురు. ఒక ప్లేటు మిర్చి బజ్జీ పెడితే ఎవరికైనా కళ్ళు మూసుకుని తొమ్మిది వేస్తాడు. ఉద్యోగం పళ్ళెంలో పెట్టి ఇస్తున్నారు. తీసుకోవాలంతే.

“వద్దండీ,” అన్నాడు ఉదయ్. ఆ మాట విని అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది అతనే. “రూబీ గారే చూడాలి. నేను మళ్ళీ రాస్తాను.”

పార్వతమ్మ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “అయితే నా పద్ధతి తెలుసుగా. గొడవ మనిషి జీవితం రాస్తే, ఆయన్ని మెచ్చేవాడి ముందొకసారి, తిట్టేవాడి ముందొకసారి పైకి చదవాలి. ఇద్దరూ కాస్త కాస్త నొచ్చుకోవాలి. ఇద్దరిలో ఎవ్వరూ అబద్ధం అనకూడదు. మెచ్చేవాడు నీ ఇంట్లోనే, మూసాపేటలో ఉన్నాడు, తిట్టేవాడు ఈ పిల్ల ఇంట్లో, చందానగర్‌లో ఉన్నాడు. ఇద్దరూ కలిసే వెళ్ళండి.”

ఆ సాయంత్రం వాన దంచేసింది. అందర్నీ ఇళ్ళకి దింపే ఆఫీసు వ్యాను కొత్తగూడ దాటాక బురదలో దిగబడింది. అందరూ డ్రైవర్ని తిడుతుంటే, పక్క పక్క సీట్లలో ఉన్న ఇద్దరు మాత్రం కిటికీ అద్దం మీద నీళ్ళు జారడం చూస్తూ కూర్చున్నారు.

“సారీ అండీ,” అన్నాడు ఉదయ్.

“దేనికి?”

“గొంతు పెంచినందుకు.”

“నేను గూడ సారీ. సన్మాన సంచిక అన్నందుకు.” కాసేపాగి, “జర ఎక్కువే అన్న గానీ, మాట మాత్రం కరెక్టే,” అని నవ్వింది.

ఆ నవ్వు చూశాక వ్యాను రాత్రిదాకా కదలకపోయినా ఫర్వాలేదనుకున్నాడు ఉదయ్. పాడు వ్యాను, అయిదు నిమిషాల్లో కదిలిపోయింది.

ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక రమ్మన్నారు రూబీవాళ్ళు. చందానగర్ మార్కెట్ వెనక రెండు గదుల ఇల్లు, ముందు నాలుగు మల్లె మొక్కలు. రూబీ తండ్రి పౌలు తెల్లచొక్కా ఇంకా మార్చుకోలేదు. మిల్లు ఉద్యోగం పోయాక మిషన్ స్కూల్లో ల్యాబ్ అటెండర్‌గా చేరి, ఇప్పటికీ అక్కడే చేస్తున్నాడు. తల్లి ఎలిజబెత్ నర్సు.

“వందనాలు బాబూ. కూసో. చదువు,” అన్నాడు పౌలు.

ఉదయ్ మొదటి నుంచి చదివాడు. హాస్టళ్ళ పేరా వచ్చింది. ‘పేద ఆడపిల్లలకు వసతి గృహాలు నెలకొల్పి పౌష్టికాహారం అందించారు...’

వంటింట్లోంచి నవ్వు వినిపించింది. ఎలిజబెత్ గరిటెతో సహా బయటికొచ్చింది. “పౌష్టికాహారమా? రెండేండ్లు తిన్న నేను. పప్పు ఎట్లుండె అనుకున్నవ్? నీళ్ళు, నీళ్ళ కింద ఇంకా నీళ్ళు.”

రూబీ తెల్లబోయింది. “మమ్మీ! నువ్వు ఆ హాస్టల్ల ఉన్నవా?”

“లేకుంటే నన్ను నర్సింగ్ ఎవలు చదివిపిస్తరే? నీళ్ళ పప్పయినా ఆయనే పెట్టిండు. అది రాయాలె. నీళ్ళని గూడ రాయాలె.”

ఉదయ్ రాసుకున్నాడు. రూబీ తలదించుకుని తన ఎర్ర పెన్నుని బ్యాగులో పెట్టేసింది.

తర్వాత అయిదో పేజీ వచ్చింది. వద్దనుకుంటూనే చదివాడు. ‘సామరస్యంగా ముగిసింది’ అన్న మాట దగ్గర పౌలు లేచాడు. బకెట్టు తీసుకుని ముందుకి వెళ్ళి మల్లె మొక్కలకి నీళ్ళు పోయడం మొదలుపెట్టాడు. బయట వాన పడుతోంది. వానలో మొక్కలకి నీళ్ళు పోస్తున్న మనిషిని చూసి ఉదయ్ కాగితాలు మడిచి పక్కన పెట్టాడు.

రూబీ గొడుగు పట్టుకుని వెళ్ళి తండ్రి పక్కన నిలబడింది. ఉదయ్ గొడుగు లేకుండానే వెళ్ళాడు.

“ముగియలే బాబూ,” అన్నాడు పౌలు మెల్లగా. “పొద్దుగాల పోతే గేటుకు తాళం. గోడకు కాయితం. రెండు వందల పన్నెండు మంది పేర్లు. నా పేరు చూసుకుని ఇంటికొచ్చిన. నా బిడ్డకప్పుడు రెండేండ్లు. సర్కారు ఏమో నలభై మందినే తీసినమని పేపర్ల ఏసింది. మిగిలిన నూట డెబ్బై రెండు మంది మనుషులు కాదా?”

“ఆ కాగితం మీ దగ్గర ఉందాండీ?”

“గోడ మీది కాయితం గోడ మీదనే నానిపోయింది.”

ఆధారం లేని అంకె వేయడానికి వీల్లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. కార్మికులు ఇలా అంటారు, ప్రభుత్వం అలా అంటుంది అని రాయడం తప్ప గత్యంతరం లేదు. పౌలు పోగొట్టుకున్నది ఉద్యోగం ఒక్కటే కాదు, పోయిందని చెబితే నమ్మే మనిషిని కూడా అని ఉదయ్‌కి ఆ వానలో అర్థమైంది. ఆ రోజు నుంచి అతనికి మార్కుల బెంగ రెండోదైంది.

మంగళవారం సాయంత్రం మూసాపేట. ఉదయ్ తండ్రి, రిటైరై నాలుగు నెలలైన వెంకటరామయ్య గారు పడక్కుర్చీలో ఠీవిగా కూర్చున్నారు. గోడ మీద ఫోటోలో చలమయ్య గారు రిబ్బను కత్తిరిస్తున్నారు. వెనక వరసలో మూడో బుర్ర వెంకటరామయ్య గారిది.

“ఏమ్మా, మావాడికి మూడేశావటగా!” అన్నారు నవ్వుతూ.

“తప్పయిందండీ,” అంది రూబీ.

“తప్పేం కాదు. వాడికి చిన్నప్పట్నుంచీ ఎవరూ వెయ్యక ఇలా తయారయ్యాడు.”

తల్లి వీరలక్ష్మి గారు పెసరట్లు పెట్టి, రూబీని ఒకటికి రెండుసార్లు చూసి, కొడుకుని మూడోసారి చూసి, ఏమీ ఎరగనట్టు లోపలికి వెళ్ళారు. ఆడవాళ్ళకి ఆధారాలు అక్కర్లేదు.

ఈసారి రూబీ చదివింది. హాస్టళ్ళూ, నీళ్ళ పప్పూ విని వెంకటరామయ్య గారు ముఖం కొంచెం ముడిచారు. కానీ కాదనలేదు. సమ్మె వచ్చింది.

‘ఈ సమ్మెలో రెండు వందల పన్నెండు మందిని తొలగించారని కార్మికులు చెబుతారు. నలభై మందినేనని ప్రభుత్వ ప్రకటన.’

పడక్కుర్చీ కిర్రుమంది. ఆయన గోడ మీది ఫోటో వైపు చూశారు.

“నలభై కాదమ్మా,” అన్నారు చివరికి. గొంతులో ఠీవి లేదు. “రెండు వందల పన్నెండే. నేనే కొట్టాను టైపు. పేషీ తలుపులేసి కొట్టించారు. ఆరు షీట్లు.”

ఉదయ్ పెసరట్టు పళ్ళెం కింద పెట్టేశాడు. “నాన్నా! ఇన్నేళ్ళూ ఎప్పుడూ చెప్పలేదేం?”

“ఏమని చెప్పనురా? నువ్వు పుట్టినప్పుడు నీకు పసిరికలై ఒళ్ళంతా పచ్చబడితే, అర్ధరాత్రి తన కారిచ్చి నిన్నూ మీ అమ్మనీ ఆసుపత్రికి పంపించిన మనిషాయన. ఆయన చెబితే కొట్టాను. కొట్టాక పేర్లు మర్చిపోదామనుకున్నాను. అవి పోలేదు. దేవుడి గదిలో కూర్చుంటే సహస్రనామాల మధ్యలో వచ్చేవి.”

రూబీ చదువుతున్న కాగితం దించింది. “పౌలు... అని ఉండెనాండీ?”

“ముగ్గురు పౌలులమ్మా. ఒకాయన నూలు వడికే రింగు ఫ్రేములు, ఒకాయన...” ఆమె ముఖం చూసి ఆయన ఆగిపోయారు. అడగకుండానే అర్థమైపోయింది.

రూబీ లేచి, “వస్తానండీ” అని మాత్రం అని బయటికి నడిచింది. ఉదయ్ చెప్పులు కూడా వేసుకోకుండా బస్టాపుదాకా వెంట వెళ్ళాడు. తుంపర పడుతోంది.

“రూబీ గారూ, కోపమా?”

“మీ మీద కాదు. మీ నాన్న మీద గూడ కాదేమో. నాకే తెల్వది. రెండు రోజులియ్యండి ఉదయ్ గారు.”

బస్సు వచ్చింది. ఆమె వెనక్కి చూడకుండా ఎక్కేసింది. తప్పు చేసిన తండ్రిని ఏమీ అనలేక, బాధపడ్డ పిల్లని ఓదార్చలేక, ఉదయ్ ఆ బస్టాపులో తడుస్తూ నిలబడ్డాడు. ఆ పిల్ల ఇంక తనతో మాట్లాడకపోతే ఎలా బతకాలా అని ఆలోచించాడు. ప్రేమంటే ఇదే కాబోలు అని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది.

ఇంటికొచ్చేసరికి తండ్రి కాగితం మీద ఏదో రాస్తున్నారు. అప్పటి టైపిస్టుగా తను చూసినది చూసినట్టు, సంతకంతో సహా.

“మీ పేరు అచ్చులోకి వస్తుంది నాన్నా. మీవాళ్ళందరూ చదువుతారు. చలమయ్య గారి మనుషులు ఊరుకోరు.”

“ఊరుకోకపోతే మానె. పేరు వెయ్యి. రెండు వందల పన్నెండు మంది పేర్లు కొట్టినవాణ్ణి, ఒక్క పేరు దాచుకోనా?”

శుక్రవారం పదకొండు గంటలకి పార్వతమ్మ గారి బల్ల మీదకి రూబీ మార్కుల కాగితం వచ్చింది. బుధ, గురువారాలు ఆమె ఉదయ్‌తో ఒక్క మాట మాట్లాడలేదు. అతను ఆధారాలన్నీ మళ్ళీ రాసి, తండ్రి కాగితం జతచేసి ఆమె బల్ల మీద పెట్టాడు. సన్మాన సంచిక తొమ్మిది చోట్ల నుంచి రెండు చోట్లకి దిగింది. సమ్మె పేరాలో అంకె నిలబడింది, దాని కింద ‘నాటి పేషీ టైపిస్టు వెంకటరామయ్య వాంగ్మూలం’ అని చేరింది. పసిరికల రాత్రి కారు సంగతి కూడా ఒక వాక్యంలో ఉంది.

“ఎనిమిది,” అన్నారు పార్వతమ్మ గారు. “ఉద్యోగం ఖాయం నాయనా. ఇంక మెడల్ గోడకి తగిలించుకో.”

ఉదయ్ కారిడార్లోకి పరుగెత్తాడు. రూబీ కిటికీ దగ్గర నిలబడి బండల మీద పడుతున్న వానని చూస్తోంది.

“మిగతా రెండూ ఎందుకు తగ్గించారండీ?”

“అన్నీ ఇస్తే మీరు ఆగరు.” ఆమె ఇటు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పెదవుల మీద మాత్రం నవ్వుంది. “డాడీకి చెప్పిన. మీ నాన్న రాసిన కాయితం చూపించిన. మూడుసార్లు చదివిండు. ‘ఇరవై ఒక్క ఏండ్లకు ఒక్కడు అవునన్నడు’ అన్నడు. ఆదివారం మీ నాన్నను తోలుకరమ్మన్నడు.”

“తిట్టడానికా?”

“నాకేం తెల్సు? వస్తే తెలుస్తది.”

ఉదయ్ గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. “రూబీ గారూ, ఆధారాలు లేకుండా ఒక్క వాక్యం చెప్పొచ్చా?”

“చెప్పుండ్రి. ఎర్ర పెన్ను తియ్య.”

“మీరంటే నాకు చాలా ఇష్టమండీ. మీరు మాట్లాడని ఈ రెండు రోజులూ నాకు అన్నం సయించలేదు.”

రూబీ పరీక్ష పేపర్ చూసినట్టు అతన్ని పైకీ కిందికీ చూసింది. “సమతూకం లేదు.”

“అంటే?”

“ఒక్క పక్కనే చెప్పిండ్రు.” ఆమె గొంతు చిన్నదైపోయింది. “రెండో పక్క గూడ గట్లనే ఉన్నది.”

పక్క నుంచి జోయెల్ బజ్జీ నములుతూ వెళ్ళాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఉదయ్ ఆ కారిడార్లోనే గంతులేసేవాడు.

ఆదివారం మధ్యాహ్నం వెంకటరామయ్య గారు చందానగర్ ఇంటి గేటు దాకా వచ్చి ఆగిపోయారు. గేటు మీద చెయ్యి వేశారు, తియ్యలేదు. మనిషి ఒక్కసారిగా పదేళ్ళు పెద్దవాడైనట్టు కనిపించారు. లోపలి నుంచి పౌలు వచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

“క్షమించమని అడగడానికి వచ్చానండీ,” అన్నారు వెంకటరామయ్య గారు.

“లోపలికి రాండ్రి సార్. టైపు కొట్టిన వేళ్ళను తిట్టుకుంటే ఏమొస్తది?” పౌలు గేటు తీశాడు. “నాకు క్షమాపణలు వద్దు. ఆ పేర్లు మీకు యాదికున్నయంట గదా. ఒక్కసారి చెప్పుండ్రి. గోడ మీద సగం చదివి వచ్చేసిన నేను, కండ్ల నీళ్ళు అడ్డమొచ్చినయి. మిగిలిన సగం ఎవలో ఇప్పటిదాక సరిగ తెల్వదు.”

వరండాలో రెండు కుర్చీలు వేశారు. వెంకటరామయ్య గారు కళ్ళు మూసుకుని మొదలుపెట్టారు. ఒక్కో పేరుకీ పౌలు ఆగమని చెయ్యెత్తేవాడు. “నర్సమ్మ... ఆమె కూరగాయలమ్మి ముగ్గురు పిల్లలను చదివిపిచ్చింది.” “రామన్న... గట్టోడు, షోలాపూర్ పోయిండు.” “కిష్టమ్మ... అయ్యో, ఆమె గూడనా?” ఒక పేరు దగ్గర ఇద్దరూ నవ్వారు. ఇంకో పేరు దగ్గర పౌలు కండువాతో కళ్ళొత్తుకుంటే, వెంకటరామయ్య గారు ఆయన మోకాలి మీద చెయ్యి వేశారు, తర్వాత తియ్యలేదు.

గడపలో ఉదయ్, రూబీ పక్కపక్కన నిలబడి వింటున్నారు. ఆమె చెయ్యి అతని చేతిలోకి ఎప్పుడొచ్చిందో ఇద్దరికీ తెలియదు. వెనక నుంచి ఎలిజబెత్ చూసి, దగ్గి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పొద్దు వాలుతుండగా వెంకటరామయ్య గారు ఆగారు. “యాభై నాలుగు అయ్యాయండీ. గొంతు రావట్లేదు.”

“ఫికర్ లేదు సార్. ఒక్క దినంల తేలేది కాదిది. వచ్చే ఆదివారం రాండ్రి, ఆ పై ఆదివారం గూడ రాండ్రి.” పౌలు వెనక్కి తిరిగి గడప వైపు చూశాడు. ఆ రెండు చేతుల్నీ చూశాడు. రూబీ చెయ్యి లాక్కోబోయి, లాక్కోకుండా ఉండిపోయింది.

పౌలు కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. తర్వాత వెంకటరామయ్య గారితో అన్నాడు.

“వచ్చేటప్పుడు మీ ఇంటామెను గూడ తోలుకరాండ్రి సార్. ఇంక మాట్లాడుకునేది చాలా ఉన్నట్టుంది.”